మండలానికి ఒకే ఒక్క బొటనవేలు

మా గుమ్మలపేట అంగన్‌వాడీలో పద్నాలుగు మంది పిల్లలు. అంటే ఇరవై ఎనిమిది బొటనవేళ్లు. వాటిలో ఇరవై ఏడు మట్టిలోనో, పప్పుగిన్నెలోనో, పక్కవాడి కంట్లోనో ఉండేవి. ఒక్కటి మాత్రం లాస్య నోట్లో ఉండేది. కుడిచేతిది. అది ప్రభుత్వానికి సంబంధించిన వేలని పోయిన శ్రావణం దాకా నాకు తెలియదు.

లాస్యకి మూడున్నరేళ్లు. వాళ్లమ్మ దమయంతి జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది. ఎండాకాలంలో రెండో కాన్పుకని పుట్టింటికి వెళ్లింది. తండ్రి లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. పిల్లని నాయనమ్మ దగ్గర వదిలారు. అమ్మ బస్సెక్కిన సాయంత్రమే ఆ వేలు నోట్లోకి వెళ్లింది. పదహారేళ్లుగా ఈ సెంటర్లో పిల్లల్ని చూస్తున్నదాన్ని, అమ్మ బస్సు దిగిన రోజున అది దానంతటదే బయటికొస్తుందని నాకు తెలుసు. మా ఆయా అప్పలనరసమ్మకీ తెలుసు. మా గుమ్మంలో పడుకునే కుక్కక్కూడా తెలిసే ఉంటుంది. తెలియనిది ఒక్క డిపార్టుమెంటుకే.

శ్రావణంలో సర్క్యులర్ వచ్చింది. పేరు 'అంగుష్ఠ చూషణ విముక్త బాల్యం'. మొదటి పేరా నాకిప్పటికీ కంఠతా వచ్చు. "రాష్ట్ర భవిష్యత్తు చిరునవ్వులో ఉన్నది. చిరునవ్వు దంతముల వరుసలో ఉన్నది. దంతముల వరుస బొటనవేలిపై ఆధారపడి ఉన్నది. కావున ప్రతి బొటనవేలును గుర్తించి, నమోదు చేసి, నోటి నుండి విముక్తము చేయవలెను."

అప్పలనరసమ్మకి చదివి వినిపించాను. పొయ్యి దగ్గర్నుంచే ముక్కున వేలేసుకుంది.

"గుంటలు ఏలు సీకితే ఆలకేటి నొప్పి టీచరమ్మా? ఆల నోట్లో ఎట్టినారేటి?"

వివరాలు ఫోన్లో, యాప్‌లో నింపాలి. ఏ చేతి వేలు? గోరు వరకా, కణుపు వరకా? రోజుకు ఎన్ని నిమిషాలు? శబ్దంతోనా, నిశ్శబ్దంగానా? ఇన్ని ప్రశ్నల తర్వాత చివర్లో 'కారణం' అని ఒక గడి ఉంది. 'అమ్మ పురిటికి వెళ్లింది' అని రాశాను. యాప్ ఎర్రబడింది. ఈ కారణం జాబితాలో లేదంది. జాబితా తెరిచి చూస్తే పోషకాహార లోపం, అవగాహనా లోపం, వంశపారంపర్యం, ఇతరములు అని ఉన్నాయి. అమ్మ ఇతరములలో ఉందేమో అనుకుని అదే నొక్కాను.

చీకే పిల్లల సంఖ్య దగ్గర, ఉన్నది ఉన్నట్టు, ఒకటి అని వేశాను. నా ఖర్మ అక్కడే కాలింది. మా మండలంలో నలభై మూడు సెంటర్లు. మిగతా నలభై రెండు మందీ పని తగ్గించుకునే విద్యలో ఆరితేరిన తల్లులు. సున్నా వేసి ఊరుకున్నారు.

వారం తిరక్కుండా మండల మీటింగు. ప్రాజెక్టు ఆఫీసరు త్రినాథరావు గారు, అంటే మండలంలోని సెంటర్లన్నింటికీ పెద్ద, మైకు ముందు నిలబడ్డారు. మనిషి మంచివాడు. నోట్లో వేలు పెడితే కొరకలేడు. కాకపోతే పైనుంచి కాగితం వస్తే మాత్రం ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం.

"క్షేత్రస్థాయి గణాంకాలను సమగ్ర దృక్కోణంలో పరిశీలించడమైనది. మనకిచ్చిన లక్ష్యం ఏమిటి? తగ్గించుట. నలభై రెండు కేంద్రాల్లో సున్నా ఉన్నది. సున్నాను తగ్గించుట గణితశాస్త్ర రీత్యా సాధ్యపడదు. కావున మండలం మొత్తం మీద ప్రగతికి అవకాశం ఉన్న ఏకైక కేంద్రం గుమ్మలపేట!"

నలభై రెండు మందీ నావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. వాళ్ల మొహాల్లో అంత వెలుగు నేను దీపావళికి కూడా చూడలేదు.

మర్నాడే మా సూపర్‌వైజరు విజయభారతి మేడమ్ దిగారు. లాస్య ఇసుకలో కూర్చుని ఎడమచేత్తో ఇల్లు కడుతోంది. కుడిచెయ్యి వేరే డ్యూటీలో ఉంది.

"ఇదేనా?" అన్నారు మేడమ్, గుళ్లోకి వచ్చినట్టు గొంతు తగ్గించి.

"ఇదే మేడమ్."

నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశారు. ఆ వేలు భూగోళం మీద ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఎక్కించారు. దానికి తొమ్మిదంకెల నంబరొచ్చింది. పోతూ పోతూ గేటుకి ఒక బోర్డు తగిలించారు: 'చూషణ ప్రభావిత కేంద్రం'.

రెండోరోజు పొద్దున్న అప్పలనరసమ్మ రొప్పుకుంటూ వచ్చింది. "ఆ బోర్డు సూసి పాలోడు రోడ్డు మీదే కేను ఎట్టీసి ఎల్లిపోనాడు టీచరమ్మా! ఇదేటి అంటురోగమా అని ఊరంతా అడుగుతన్నారు. మా ఆయనైతే రాత్రి నన్ను కల్లాపి సల్లుకుని ఇంట్లోకి రమ్మన్నాడు!"

తర్వాత కిట్టు వచ్చింది. అట్టపెట్టె మీద నవ్వుతున్న బొటనవేలి బొమ్మ. లోపల వేపనూనె సీసా, ఒక జత చేతి తొడుగులు, అరవై నాలుగు పేజీల పుస్తకం. పుస్తకం చివర 'లబ్ధిదారు చదివి, అర్థం చేసుకుని, సంతకం చేయవలెను' అని ఉంది. తొడుగులు రెండూ ఎడమచేతివే. ఒకదాన్ని లాస్య పిల్లికి టోపీగా పెట్టింది. రెండోది పిల్లి ఒప్పుకోలేదు.

వేపనూనె రాశాను. నా ఉద్యోగం మరి. పిల్ల ఒకసారి నాకింది, మొహం అష్టవంకర్లు తిప్పింది, 'నువ్వు కూడానా' అన్నట్టు నావైపు చూసింది. వేలిని నా చీరకొంగుకి శుభ్రంగా తుడిచి మళ్లీ నోట్లో పెట్టుకుంది. ఆ కొంగు ఎన్ని ఉతుకులుతికినా వాసన పోలేదు. ఆ సీసా మళ్లీ ముట్టుకోలేదు.

ఇక ఆఫీసరు గారే స్వయంగా కౌన్సెలింగుకి వచ్చారు. పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టారు. "ప్రియమైన లబ్ధిదారూ! అంగుష్ఠ చూషణము వలన కలుగు దుష్పరిణామములు ప్రధానంగా మూడు విధములు..."

రెండో విధం దగ్గరికి వచ్చేసరికి లాస్య వేలు నోట్లోనే ఉంచుకుని ఆయన మోకాలి మీద తలవాల్చి నిద్రపోయింది. ఆయన లేవలేదు. గొంతు మాత్రం తగ్గించి మూడో విధం కూడా పూర్తి చేశారు. అప్పుడే నాకు ఆయన మీద కాస్త ఇష్టం కలిగింది.

సరే, వేలు మానలేదు. కానీ పైన ఎవరికీ దిగులు లేదు. ఎందుకంటే మానడానికి ముహూర్తం పెట్టేశారు. ఆ శనివారం మంత్రిగారు మా హైస్కూలు గ్రౌండుకి వస్తున్నారు. సరిగ్గా పదకొండూ ఇరవైకి లాస్య వేదిక మీద వేలు నోట్లో పెట్టుకుని నిలబడుతుంది. మంత్రిగారు ఆ వేలిని స్వహస్తాలతో బయటికి తీస్తారు. ఆ క్షణం నుంచి మా మండలం చూషణ విముక్త మండలం.

"ఆ తర్వాత మళ్లీ పెట్టుకుంటే?" అన్నాను.

"ఆ తర్వాత మనం ఫొటో తియ్యం కదమ్మా" అన్నారు మేడమ్ ఓపిగ్గా.

ఇదిలా ఉండగా, ఆ వారంలోనే, సోమవారం సాయంత్రం, దమయంతి మూడునెలల పిల్లాణ్ని ఎత్తుకుని బస్సు దిగింది.

మంగళవారం లాస్య రెండు చేతులూ ఊపుకుంటూ సెంటరుకి వచ్చింది. రెండూ! కుడిచేతి బొటనవేలు నీళ్లలో నానిన శనగగింజలాగా తెల్లగా ముడతలు పడి ఉంది. మధ్యాహ్నం దాకా చూశాను. ఒక్కసారి కూడా నోటిదాకా వెళ్లలేదు. గుడ్డు ఆ చేత్తోనే తింది. బొమ్మని ఆ చేత్తోనే కొట్టింది. నిద్రొచ్చినప్పుడు మాత్రం ఆ వేలిని రెండోచేత్తో గుప్పెట్లో మూసుకుని పడుకుంది.

"మా తమ్ముడు పట్టుకున్నాడు" అంది ఎందుకని అడిగితే. అంతకన్నా వివరం చెప్పడానికి దానికి తీరిక లేదు.

నాకు ఎంత సంతోషం వేసిందంటే, బుద్ధి గడ్డి తిని మేడమ్‌కి ఫోన్ చేశాను.

"ఎవరి అనుమతితో?" అన్నారు మేడమ్.

"ఏమిటి మేడమ్?"

"ఎవరి అనుమతితో మానేసింది? శనివారం కదా మానాల్సింది! ప్రోగ్రాం షీటు ప్రింటైపోయింది కుసుమ గారూ. పన్నెండడుగుల ఫ్లెక్సీ కూడా వేయించాం!"

సాయంత్రానికి మెమో. నా సర్వీసులో మొదటి మెమో. 'విషయం: లబ్ధిదారు పథకం ప్రారంభమునకు ముందుగానే, అనధికారికంగా బాగుపడుట – సంజాయిషీ కోరుట – గురించి.' కింద రెండో పేరాలో అసలు దెబ్బ ఉంది. శనివారం నాటికి కేంద్రంలో సమస్య కనిపించనిచో, సమస్య లేని కేంద్రాన్ని కొనసాగించాల్సిన అవసరం లేనందున, గుమ్మలపేట కేంద్రాన్ని హైవే అవతలి సెంటర్లో కలిపేస్తారట.

"మిగతా నలభై రెండింట్లో కూడా సమస్య లేదు కదా మేడమ్" అన్నాను ఫోన్లో.

"అవి మొదటి నుంచీ సమస్య లేని కేంద్రాలు. కాబట్టి ఆదర్శ కేంద్రాలు. మీది ఉన్న సమస్యని పోగొట్టుకున్న కేంద్రం. తేడా లేదూ?"

హైవే అంటే నాలుగు వరుసల రోడ్డు. జీడిపిక్కల లారీలు పొద్దస్తమానం నడుస్తాయి. తల్లులు తెల్లారి ఏడింటికే ఫ్యాక్టరీకి పోతారు. ఆ రోడ్డు దాటించడానికి పద్నాలుగు మంది పిల్లలకి ఎవరున్నారు? మెమోని చాలాసార్లు చదువుకున్నాను. ఇంతకాలం పిల్లలు వేలు తీస్తే సంతోషించాను, ఇప్పుడు ఒక పిల్ల వేలు పెట్టుకోవాలని మొక్కుకునే గతి పట్టింది.

బుధవారం మేడమూ ఆఫీసరు గారూ ఇద్దరూ వచ్చారు. మేడమ్ తేనె సీసాతో. లాస్య వేలికి తేనె రాశారు. లాస్య వేలు చూసుకుంది, పక్కనున్న గౌతమ్‌కి నాకించింది. వాడు ఇంకా కావాలన్నాడు. పదినిమిషాల్లో పిల్లలంతా వరసలో నిలబడి లాస్య వేలు నాకిపోయారు, లాస్య తప్ప. తర్వాత చీమలొచ్చాయి.

"భయపెట్టి చూద్దామా?" అన్నారు మేడమ్.

"ఏమని భయపెడతాం మేడమ్? వేలు నోట్లో పెట్టుకోకపోతే బూచాడొస్తాడనా?"

ఆఫీసరు గారు అప్పుడు ముందుకొచ్చారు. "బలవంతం వద్దు. ప్రదర్శనాత్మక బోధన అనునది ఒకటి ఉన్నది." మళ్లీ అదే చిన్న కుర్చీలో కూర్చున్నారు. వాచీ వెనక్కి తోసుకుని, కుడిచేతి బొటనవేలు పైకి చూపించి, "ఇలా అమ్మా... ఇలా..." అంటూ నోట్లో పెట్టుకున్నారు.

లాస్య ఆయన్ని శ్రద్ధగా చూసింది. ఆయన ఒకసారి చప్పరించారు. రెండుసార్లు. ఆయన భుజాలు కిందికి దిగాయి. నుదుటి మీద గీతలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. కళ్లు మూతలు పడ్డాయి.

"సార్" అన్నారు మేడమ్.

సార్ మూడోసారి చప్పరించారు.

"సార్! కలెక్టరేట్ నుంచి ఫోను!"

"ఊఁ" అన్నారు సార్, వేలు తియ్యకుండానే. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో మనిషి అంత నెమ్మదిగా ఉండటం ఎవరూ చూసి ఉండరు. ఆ పూట జీపెక్కినప్పుడు కూడా అది నోట్లోనే ఉంది. మర్నాడు ఆయన ఫైళ్ల మీద సంతకాలన్నీ ఎడమచేత్తో పెట్టారని ఆఫీసులో చెప్పుకున్నారు.

శుక్రవారం సాయంత్రం ఇక నేనే బయల్దేరాను. లాస్యతో మాట్లాడదామని. ఒక్కసారి, ఒక్క నిమిషం, రేపు వేదిక మీద పెట్టుకుని తీసెయ్యమ్మా అని బతిమాలదామని. దారంతా మాటలు కూర్చుకుంటూనే వెళ్లాను.

దమయంతి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. లోపల చీర ఉయ్యాల. ఉయ్యాల పక్కన పీట మీద లాస్య బోర్లా పడుకుని, ఒక చెయ్యి ఉయ్యాల్లోకి పెట్టింది. తొంగి చూశాను. ఆ గింజంత గుప్పెట్లో అక్క బొటనవేలు. పిల్లాడు నిద్రలో దాన్ని ఎలా పట్టుకున్నాడంటే, అది వదిలితే ఎక్కడో పడిపోతానన్నట్టు.

"వొచ్చిన కాడ్నుంచీ ఇదే టీచరమ్మా" అంది దమయంతి. "ఆడికి దీని ఏలుండాల. లేపోతే నిద్దర్రాదు. ఇదీ కదలదు. తిమ్మిరెక్కినా కదలదు."

లాస్య నన్ను చూసి ఎడమచేతి వేలు పెదాల మీద పెట్టి ఉష్ అంది.

నాకు సిగ్గేసింది. ఈ వేలినా నేను తిరిగి నోట్లో పెట్టించాలని వచ్చింది? దారంతా కూర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా నోరుదాటలేదు. దమయంతికి మెమో సంగతి చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపి, "రేపు దాన్ని తీసుకొస్తాను. ఆడినీ తెస్తాను. ఏటవుద్దో సూద్దుము" అంది.

శనివారం. గ్రౌండులో షామియానా, చుట్టుపక్కల మండలాల నుంచి కూడా బస్సుల్లో తోలుకొచ్చిన మూడొందల మంది అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, అందరికీ ఒకే రంగు చీరలు. వేదిక వెనక పన్నెండడుగుల ఎత్తున లాస్య బొటనవేలు. తను దాన్ని చూసి, "అది నా ఏలు" అంది, కొంచెం అనుమానంగా. తన వేలికి అంత పెద్ద గోరున్నట్టు దానికి ఎవరూ చెప్పలేదు.

మంత్రిగారు మాట్లాడారు. తాను కష్టజీవి బిడ్డననీ, చిన్నప్పుడు చీకడానికి వేలు తప్ప మరేమీ ఉండేది కాదనీ అన్నారు. చప్పట్లు. ఈ ప్రభుత్వం ఏ బిడ్డా వేలు చీకాల్సిన అవసరం లేని రోజు తెస్తుందన్నారు. ఇంకా చప్పట్లు. పదకొండూ పద్దెనిమిది అయింది.

మేడమ్ లాస్యని వేదిక మధ్యకి నడిపించారు. మంత్రిగారు చెయ్యి చాచి సిద్ధంగా నిలబడ్డారు. ఫొటోగ్రాఫర్లు ఒంటి మోకాలి మీద కూర్చున్నారు.

లాస్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"వేలు పెట్టుకోమ్మా" అన్నారు మేడమ్ నవ్వుతూ, పళ్ల మధ్యనుంచి.

లాస్య తల అడ్డంగా ఊపింది.

పదకొండూ పంతొమ్మిది. కుర్చీల్లో కూర్చున్న త్రినాథరావు గారికి ముచ్చెమటలు పట్టాయి. పిల్లకి గుర్తు చేద్దామనో, లేక ఆ సరికి అలవాటై పోయిందో, ఆయన లాస్యకి కనిపించేలా వేలు నోట్లో పెట్టుకున్నారు. ఆయన పక్కనున్న ఆఫీసరు, పిల్లకి గుర్తు చెయ్యాలని తనూ పెట్టుకున్నాడు. ఆయన పక్కవాడూ అంతే. మేడమ్‌కి కూడా తప్పలేదు. నిమిషంలో వేదిక మీది పదకొండు మంది అధికారులూ బొటనవేళ్లు నోట్లో పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, లాస్యనే చూస్తున్నారు.

మంత్రిగారు వెనక్కి తిరిగారు.

పెద్దవాళ్లకి ఒక అలవాటుంటుంది. వేదిక మీద అందరూ లేస్తే లేస్తారు, అందరూ దండం పెడితే దండం పెడతారు. ఎందుకని అడిగితే చిన్నతనం. ఈ పథకం వాళ్ల ప్రతిజ్ఞ కాబోలు ఇది, అనుకుని ఉంటారు. గంభీరంగా, నిటారుగా నిలబడి, మంత్రిగారు తన బొటనవేలిని నోట్లో పెట్టుకున్నారు.

మంత్రిగారు పెట్టుకున్నాక కింద కూర్చున్నవాళ్లు ఊరుకుంటే బాగుంటుందా? మూడొందల మందీ లేచి నిలబడ్డారు. పోలీసులు లాఠీని చంకలో పెట్టుకుని మరీ పెట్టుకున్నారు. మైకులో చిన్న చప్పరింపు తప్ప మరే శబ్దం లేదు. నేనెన్నో సభలు చూశాను గానీ అంత ప్రశాంతంగా జరిగిన ప్రభుత్వ సభ మాత్రం అదొక్కటే.

ఒక్క లాస్యకే అది నచ్చలేదు. ఇన్నాళ్లూ సర్క్యులర్ ప్రకారం నేను పొద్దున్నా సాయంత్రం దానికి నూరిపోసిన పాఠం ఆ క్షణంలో పనిచేసింది. మంత్రిగారి పక్కనున్న కుర్చీ ఎక్కింది. ఆయన ముంజేయి పట్టుకుంది.

"తాతా, తప్పు. పల్లు వంకరైపోతాయి."

వేలిని బయటికి లాగి, తన గౌనుకి తుడిచింది. సరిగ్గా పదకొండూ ఇరవై. ఫొటోగ్రాఫర్లు టపటపా నొక్కేశారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. మంత్రిగారికి ఏమైందో అర్థం కాలేదు గానీ చప్పట్లు అర్థమయ్యాయి. మొహం చేటంతయింది.

"మరి నువ్వెలా మానేశావు తల్లీ?"

"నా ఏలు తమ్ముడిది." ముందు వరసలో దమయంతి ఒళ్లోకి చూపించింది. "ఆడు పట్టుకుంటేనే బజ్జుంటాడు."

"నాక్కూడా ఇస్తావా ఒకసారి?" అన్నారు ఆయన ముద్దుగా.

"ఇయ్యను" అంది లాస్య, వేలు మళ్లీ వెనక్కి దాచుకుని.

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. పక్కనే అప్పలనరసమ్మ బాహాటంగానే ఏడుస్తోంది. కానీ ఏడుస్తూనే ఒక సంగతి నాకు కనిపించింది. మంత్రిగారు కూడా కదిలిపోయారు. ఆయన కదిలితే ఫైలు కదులుతుంది.

"ఇదీ మన సంస్కృతి! ఇదీ నమూనా!" అన్నారు ఆయన మైకులో. "గుమ్మలపేట రాష్ట్రానికే దారి చూపించింది!" వెనకనున్న అధికారి రాసుకున్నాడు.

మా సెంటరు మిగిలింది. కలిపేసే కాగితాన్ని మేడమే చించారు. గేటు మీద బోర్డు తీసి 'ఆదర్శ నమూనా కేంద్రం' అని కొత్తది పెట్టారు. పిల్లలు హైవే దాటక్కర్లేదు. పాలవాడు మళ్లీ గుమ్మం దాకా వస్తున్నాడు.

తేలని వ్యవహారం ఒక్కటే మిగిలింది. త్రినాథరావు గారి వేలు. వాళ్లావిడ మా దగ్గర మిగిలిన వేపనూనె సీసా పట్టుకెళ్లారు. ఆయన రెండు చుక్కలకి అలవాటు పడిపోయారు. చివరికి ఒక సోమవారం తనిఖీ అని చెప్పి దమయంతి ఇంటికే వెళ్లారట. ఉయ్యాల పక్కన పీట మీద కూర్చుని, మొహమాటంగా, పిల్లాడి ఎడమ గుప్పెటకి బొటనవేలు అందించారట. వాడు పట్టుకున్నాడు. పదినిమిషాలు. ఆ రోజు ఆఫీసులో ఆయన కుడిచేత్తో సంతకం పెట్టారు. అప్పటినుంచి ప్రతి సోమవారం తనిఖీ ఉంది.

"పాపం, ఆ సారు వాలమ్మ ఏ ఊరెల్లిపోనాదో" అంది దమయంతి నాతో.

మొన్న మళ్లీ సర్క్యులర్ వచ్చింది. గుమ్మలపేట నమూనాను రాష్ట్రమంతటా అమలు చేయుట గురించి. 'ప్రతి చూషణ బాధిత లబ్ధిదారుకు మార్చి నెలాఖరులోగా ఒక తమ్ముడిని సమకూర్చవలెను. తమ్ముడు లభ్యం కానిచో చెల్లెలిని సమకూర్చవలెను. అదియు లభ్యం కానిచో జిల్లా కార్యాలయమునకు ఇండెంటు పంపవలెను. ఈ విషయమై కుటుంబ నియంత్రణ విభాగం వారు వ్యక్తపరచిన అభ్యంతరాలు పరిశీలనలో ఉన్నవి.' ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కానీ, మా వాళ్లు సోమలింగానికి పంపిణీ తేదీ కూడా వేసేశారు. ఈసారి నలభై రెండు సెంటర్లకీ చెమటలు పడుతున్నాయి. సున్నా వేస్తే తమ్ముడు అక్కర్లేదు కదా అనుకుంటే, ఆదర్శ కేంద్రాలు ముందస్తు జాగ్రత్తగా ఇద్దరేసి నిల్వ ఉంచుకోవాలట.

యాప్ తెరిచాను. తమ్ముళ్ల సంఖ్య: ఒకటి. ఇతర కేంద్రాలకు కేటాయించుటకు లభ్యమా? లేదు. కారణం?

గడిలో నేనే రాశాను. 'ఒక్కడే ఉన్నాడు. రెండు పిడికిళ్లూ ఖాళీ లేవు.'

యాప్ ఎర్రబడింది. ఈ కారణం జాబితాలో లేదంది. ఈసారి నేను ఇతరములు నొక్కలేదు. ఫోను పక్కన పడేసి, పిల్లలకి గుడ్లు ఒలవడానికి లేచాను.